క్లిఫ్ నానబెట్టిన స్టాంపులు

మెట్ల కింద ఉన్న చిన్న అరను థెల్మా బంగాళాదుంపల కోసం, పిండి డబ్బా కోసం, చీపురు కోసం ఉంచుకుంది. మనుషులు కూర్చోవడానికి కాదు. అయినా శనివారం వచ్చిందంటే ఆమె తమ్ముళ్లిద్దరూ మోకాళ్లు గడ్డాలకు తగిలేలా ముడుచుకుని అందులో దూరిపోతారు. లోపల్నుంచి తలుపు లాక్కుంటారు. వెలుతురు చొరబడకుండా తలుపు సందులో ఆమె మంచి తువ్వాలే తెచ్చి కుక్కుతారు. ఆ తర్వాత ఇల్లు తగలబడుతోందని చెప్పినా బయటికి రారు.

"హోరేస్, నాకు పిండి కావాలి," అంది థెల్మా, గరిటెతో తలుపు మీద కొడుతూ.

"ఇప్పుడు కాదు!"

"ప్యాటీలు చేయమంటారా వద్దా?"

"చెయ్యి!" అన్నాడు క్లిఫ్ లోపల్నుంచి.

"పిండి లేకుండా దేంతో చెయ్యనురా, నా తలతోనా?"

"తలుపు మాత్రం తీయకు," అన్నాడు హోరేస్. "కళ్లు చీకటికి అలవాటు పడ్డానికి ఇంతసేపు పట్టింది. వెలుతురు పడిందా, మళ్లీ మొదటికొస్తుంది."

థెల్మా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఉడికించిన దుంపలు గిన్నెలో చల్లారిపోతున్నాయి. పొయ్యి మీద కొవ్వు కాగుతోంది. ఈ పంపకం ఎప్పుడు ముగుస్తుందా అని ఆమె విసుక్కోని శనివారం లేదు. అది ముగిసిపోతుందేమోనని భయపడని రాత్రీ లేదు.

వాళ్ల నాన్న ఉత్తరాలు వేరుచేసే ఆఫీసులో జన్మంతా పనిచేసి, పోతూ పోతూ టీ పెట్టెల నిండా స్టాంపులు వదిలి వెళ్లాడు. చెత్తబుట్టల్లో పారేసిన కవర్ల మూలలు కత్తిరించి పోగేసినవి. నీళ్లలో నానబెడితే గాని ఆ కవరు ముక్క స్టాంపునుంచి ఊడదు. ఏది చూసినా అదే రాణి తల, అదే పక్కచూపు. రంగు ఒకటైతే ఇక ఒకదానికీ ఇంకోదానికీ థెల్మా కంటికి తేడా లేదు. తేడా అంతా ఆ దీపం కింద పెడితేనే. ఉత్తరాలు వేరుచేసే యంత్రం గుర్తు పట్టడానికి స్టాంపు మీద కంటికి కనబడని పూత ఒకటి చారలుగా వేస్తారు. త్వరగా చేరాల్సిన ఉత్తరానికి రెండు చారలు, నిదానంగా చేరేదానికి ఒకటి. ఆ ఒక్కటీ మధ్యలో ఉంటుంది, లేదా కుడి అంచున, లేదా ఎడమ అంచున. కాగితంలోనూ రకాలున్నాయి. దీపం కింద కొన్ని చప్పగా మట్టిరంగులో పడి ఉంటాయి. కొన్ని తెల్లగా తళతళలాడతాయి. క్లిఫ్ దగ్గరున్న లావుపాటి పుస్తకంలో ఇవన్నీ వేరువేరు రకాలు.

పుస్తకం క్లిఫ్‌ది. అతినీలలోహిత కాంతినిచ్చే దీపం హోరేస్‌ది. తన వస్తువు రెండోవాడికి ఒక్క పూట అరువిచ్చే గుణం ఇద్దరిలో ఎవరికీ లేదు. అందుకే పక్కపక్కన కూర్చుంటే తప్ప పని జరగదు. నాన్నకి ఇది తెలుసో తెలియదో గాని, ఆస్పత్రి మంచం మీద చివరిగా ఇద్దరికీ చెప్పింది ఒకటే మాట. "కలిసి కూచుని పంచుకోండి. ప్రతి రకంలోనూ చెరి సగం."

అంతకు ముందు చాలా ఏళ్లు వాళ్లకి మాటల్లేవు. అమ్మ పోయాక ఆమె ఊగుడు కుర్చీ ఎవరింటికి పోవాలన్న దగ్గర మొదలైన గొడవ అది. ఆ రోజుల్లో హోరేస్ సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసేవాడు. ఒకసారి క్లిఫ్ ఉన్న బస్సే ఎక్కి, అతని టికెట్టు కూడా ముక్కూ మొహం తెలియని మనిషిదన్నట్టు తిప్పి తిప్పి చూసి, తిరిగిచ్చి దిగిపోయాడట. కుర్చీ చివరికి ఎవరింటికీ పోలేదు. థెల్మా దగ్గరే ఉంది. దాంట్లో కూర్చున్నప్పుడల్లా ఆమెకి తప్పు చేస్తున్నట్టే ఉంటుంది.

"మళ్లీ పెట్టు," లోపల్నుంచి క్లిఫ్ గొంతు. "నేను చూశాను."

"నేను చూడలేదు."

"నువ్వు చూడకపోతే లేనట్టా?"

ఇదీ వారం వారం పాట. దీపం ఆర్పిన మరుక్షణం ఆ పూత చారలు ఇంకా ఊదాగా మెరుస్తాయి. రెప్పపాటులో ఆరిపోతాయి. ఆ రెప్పపాటులో ఒకడికి ఎడమ అంచున కనబడితే ఇంకొకడికి మధ్యలో కనబడుతుంది. అరవై దాటిన కళ్లు ఒకడివి, దాటబోతున్న కళ్లు ఇంకొకడివి. వాదన మాత్రం కుర్రాళ్లది.

పిండి రాలేదు. థెల్మా వంటగదిలోకి వెళ్లి కొవ్వు కింద మంట తగ్గించింది. హాల్లో క్లిఫ్ సంచీ నిలబెట్టి ఉంది. సాయంత్రం అతను రాటర్‌డామ్ ఫెర్రీ ఎక్కుతాడు. ఓడలో భోజనాల గది చూసుకునే ఉద్యోగం. వారం పని, వారం సెలవు. వెళ్లే రోజు అతను థెల్మా ఇంటినుంచే వెళ్తాడు, అక్కణ్నుంచి డాక్ దగ్గర కాబట్టి అంటాడు. దగ్గరేమీ కాదు.

క్లిఫ్ వెళ్లే రోజు ఈ ఇంట్లో ఉతుకు ఉండదు. చేపల ఓడలవాళ్లుండే హెస్సిల్ రోడ్డులో పుట్టిన ఏ ఆడదీ తన మనిషి సముద్రం మీదికి పోయే రోజున బట్ట తడపదు. తడిపితే ఆ మనిషిని ఓడ మీదినుంచి కడిగేసినట్టే. చెయ్యి ఊపి సాగనంపినా అల వచ్చి పట్టుకుపోతుందంటారు. చేపల ఓడలు తగ్గిపోయాయి, రోడ్డు సగం కూలగొట్టారు, థెల్మా కూడా ఇల్లు మారింది. అయినా ఆ సంగతి మాత్రం అలాగే ఉంది. ఫెర్రీలో వాడు వడ్డించేది గుడ్లూ సాసేజీలూ అని హోరేస్ ఎన్నిసార్లు వెక్కిరించినా అలాగే ఉంది. నిన్న సాయంత్రం మతిమరుపుతో ఆమె ఏప్రన్లు, గిన్నెలు తుడిచే గుడ్డలు సబ్బుపొడి నీళ్లలో నానబెట్టింది. పొద్దున లేచి, ఇవాళ శనివారమని గుర్తొచ్చి, ఆ టబ్బు వైపు చూడకుండా టీ పెట్టుకుంది.

"థెల్మా! ఇలా రా!" హోరేస్ కేకేశాడు. ఈసారి గొంతు వేరేగా ఉంది.

తలుపు తెరిచే ఉంది. హోరేస్ మొహం కందగడ్డలా ఉంది. అతని చేతిలో పట్టకారు, పట్టకారు చివర రాణి తల.

"వీణ్నడుగు, ఇవెక్కడివో."

"ఎక్కడివేంటి, నాన్నవి," అన్నాడు క్లిఫ్. "పోయినవారం నువ్వే లెక్కెట్టి నా చేతిలో పెట్టావు."

"నేనిచ్చినవి చప్పటి కాగితం. ఎడమ చార రకం. కవరు ముక్కతో సహా దీపం కింద పెట్టి చూసి మరీ ఇచ్చాను. నాన్న గర్వంగా చెప్పుకున్న స్టాంపులవి. ఇప్పుడు చూడు, ఒక్కటి పనికొచ్చేది లేదు. అన్నీ తెల్లగా వెలిగిపోతున్నాయి. అవి ఎక్కడో దాచి, ఏ చెత్తో తెచ్చి ఇక్కడ పెట్టాడు. కొంప ముంచాడు మన క్లిఫ్."

"ఆ మాట ఇవాళ అనకు," అంది థెల్మా.

"ఏ మాట?"

"ముంచడం."

హోరేస్ కళ్లు పైకి తిప్పాడు. "దేవుడా, నాకు ఇద్దర్నిచ్చావు. ఒకడు దొంగ. ఒకతి పిచ్చిది."

"దొంగ అన్నావా?" క్లిఫ్ లేచాడు. లేచి, మెట్ల కిందున్నానన్నది మరిచి తల కొట్టుకున్నాడు. "ఇంకోసారి అను!"

కుర్చీ గొడవ కూడా ఇలాగే మొదలైంది, ఎవరూ అనుకోకుండా, టీ తాగుతుండగా. కోటు తీసే చప్పుడు, తాళం చెవుల చప్పుడు, ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఏ చప్పుడూ లేదు. అలా విడిపోవడం ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు. యుద్ధకాలంలో బాంబుల భయంతో పిల్లల్ని రైలెక్కించి పల్లెలకి పంపినప్పుడు, ఏదో ఊరి స్టేషన్లో టోపీ పెట్టుకున్న ఒకావిడ వచ్చి హోరేస్ చెయ్యి పట్టుకుని ఒక వైపు, థెల్మాని ఇంకొకావిడ ఇంకో వైపు తీసుకుపోయారు. హోరేస్ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుస్తానని చూడలేదని ఎప్పుడో పెద్దయ్యాక చెప్పాడు. అది విన్నాక కూడా ఆమె కలలో వాడు తిరిగి చూడనే చూడడు.

"ఆగండి," అంది. "చారలు చూశారా? స్టాంపు తెల్లగా ఉంటే ఉంది, చార ఎడమ పక్కనే ఉంటే అది అదే స్టాంపు కదా?"

"ఆ వెలుగులో చార ఎక్కడ కనబడుతుంది?" అన్నాడు హోరేస్.

"ఆర్పాక కనబడింది," అన్నాడు క్లిఫ్. "ఎడమ అంచునే. ఒట్టు."

"కళ్లు జిగేల్‌మన్నాక వీడికి రాణి మామిడిపండు తింటున్నట్టు కూడా కనబడుతుంది."

"అయితే థెల్మా చూస్తుంది. రా థెల్మా. నువ్వు ఎవరి పక్షమూ కాదు."

ఆమె వద్దంది. వాళ్లు వినలేదు. చీపురు బయటపడేసి ఆమెని బంగాళాదుంపల బస్తా మీద కూర్చోబెట్టారు. హోరేస్ తన నల్ల కళ్లద్దాలు ఆమె మొహానికి తగిలించాడు, ఆ కాంతి కంటికి మంచిది కాదని. తలుపు మూశారు. ముగ్గురి ఊపిరి, పిండి వాసన, ఉన్ని బట్టల వాసన.

దీపం వెలిగింది. స్టాంపు నిజంగానే చిన్న కిటికీలా తెల్లగా మెరిసింది.

"అద్దాలు తీసెయ్. ఇప్పుడు ఆర్పుతున్నా. రెప్ప వేయకు," అన్నాడు హోరేస్. "ఏం చేసినా రెప్ప మాత్రం వేయకు."

అంతగా చెప్పాక వేయకుండా ఉండడం ఎవరి వల్ల అవుతుంది? దీపం ఆరింది. థెల్మా రెప్ప వేసింది. కళ్లు తెరిచేసరికి చీకటి.

"ఎడమా?" అన్నాడు క్లిఫ్.

"ఏమైనా ఉందా?" అన్నాడు హోరేస్.

"రెప్ప పడింది," అంది థెల్మా.

"పడిందా!" అన్నారిద్దరూ. ఆమె మీద విసుక్కోవడంలో మాత్రం ఎంత ఐకమత్యం.

"మళ్లీ పెట్టు," అంది ఆమె. మళ్లీ పెట్టారు. ఈసారి ఆమె కళ్లలో నీళ్లు తిరిగి ఊదారంగు అంతా చెదిరిపోయింది. మూడోసారి హోరేస్ చిరాకుపడ్డాడు. "క్లిఫ్, ఆ చొక్కా అయినా విప్పరా. నీ మణికట్టు దగ్గర వీధిదీపం పెట్టినట్టుంది. అందులో ఏం చూస్తాం?"

థెల్మా చూసింది. క్లిఫ్ ఓడ కోసం వేసుకున్న తెల్ల చొక్కా, కోటు చేతుల్లోంచి బయటికొచ్చినంత మేరా, దీపం కింద వెలిగిపోతోంది. ఆ చొక్కా పోయినవారం ఆమే ఉతికింది. స్టాంపు పక్కన చొక్కా. రెండూ ఒకే తెలుపు. కొంచెం నీలం కలిసిన, సబ్బుపొడి డబ్బా మీద బొమ్మలో ఉండే తెలుపు.

"క్లిఫ్," అంది చీకట్లోనే. "ఆ స్టాంపులు ఎక్కడ నానబెట్టావు?"

"ఇక్కడే. పొద్దున. నువ్వు రొట్టెకి వెళ్లినప్పుడు."

"దేంట్లో?"

"టబ్బులో."

"ఏ టబ్బులో?"

థెల్మా తలుపు తోసుకుని వంటగది వెనక్కి నడిచింది. వాళ్లిద్దరూ వెనకే వచ్చారు. సింకు పక్కన ఆమె ఏప్రన్లన్నీ ముద్దగా పడి ఉన్నాయి, నీళ్లోడుతూ. టబ్బు బోర్లించి ఉంది. గదిని వేడిచేసే గ్యాసు మంట ముందు పరిచిన నాన్న పాత వార్తాపత్రికల మీద స్టాంపుల తడి మచ్చలు.

"నానిన బట్టలు తీసి ఇక్కడ పడేసి, దాంట్లో నానబెట్టావా?"

"నీళ్లు పారబోశాను. తుడిచాను కూడా," అన్నాడు క్లిఫ్.

"దేంతో తుడిచావు?"

అతను ముద్దలోంచి ఒక గుడ్డ చూపించాడు. సబ్బుపొడి నీళ్లలో రాత్రంతా నానిన గుడ్డే అది.

థెల్మా తల పట్టుకుంది. "ఇంత వయసొచ్చింది. ఓడలో అంతమందికి భోజనం పెడతావు. గిన్నె కడగడం రాదా? సబ్బుపొడిలో ఏదో మెరుపు మందు కలుపుతారు, తెల్లవి ఇంకా తెల్లగా కనబడాలని. అదే నీ చొక్కాలో ఉంది. అదే ఈ స్టాంపులకి పట్టింది. విన్నావా హోరేస్? వీడు దొంగ కాదు. వట్టి మొద్దు."

"అదీ సంగతి," అన్నాడు క్లిఫ్, మొద్దు అన్నందుకు సంతోషంగా.

హోరేస్ కాసేపు టబ్బు వైపు చూశాడు. జన్మంతా టికెట్లు తనిఖీ చేసిన మనిషి. పాత టికెట్టు చూపించి కొత్త కథ చెప్పేవాళ్లని చాలామందిని చూశాడు.

"బాగుంది," అన్నాడు. "చొక్కా మెరిసింది కాబట్టి స్టాంపు కూడా అందుకే మెరిసింది. చొక్కా గుడ్డ. స్టాంపు కాగితం. నువ్వు తమ్ముణ్ని వెనకేసుకొస్తున్నావు, ఎప్పటిలాగే. కుర్చీ గొడవప్పుడు కూడా అంతే."

"కుర్చీ ఇక్కడే ఉంది కదరా! పట్టుకుపో!"

"నాకక్కర్లేదు."

"నాకూ అక్కర్లేదు," అన్నాడు క్లిఫ్.

"అయితే హోరేస్, నీ వాటాలో స్టాంపు ఒకటి ఇవ్వు," అంది థెల్మా. "చప్పటిది. సబ్బుపొడి నీళ్లలో వేసి తీద్దాం. మెరిస్తే నోరు మూసుకుంటావా?"

"ఇవాళా?" హోరేస్ నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం ఉంది. "ఇవాళ నువ్వు సబ్బు ముట్టవుగా. బాగా ఆలోచించుకున్నారు ఇద్దరూ. రుజువు ఉందట, కానీ ఇవాళ చూపించడం కుదరదట. వాడు ఓడెక్కి వెళ్లిపోతాడు, వెనక నేను నమ్మాలి." అతను హాల్లోకి వెళ్లి కోటు అందుకున్నాడు. "దీపం తీసుకుపోతున్నాను. మిగిలిన పెట్టెలు వాడే పెట్టుకోమను. నాకు సగం వద్దు, ఈ శనివారాలూ వద్దు."

కోటు చప్పుడు. ఆ తర్వాత జేబులో తాళం చెవులు.

"హోరేస్, వాడు సముద్రం మీదికి పోతున్నాడు. కోపంతో పంపకు."

"పంపితే ఏమవుతుంది? నీ నియమాలన్నీ పాటించావు. ఆ రోజు ఉతకలేదు, చెయ్యి ఊపలేదు, వాకిట్లోకి కూడా పోలేదు. అయినా లెన్ తిరిగొచ్చాడా?"

అని, కోటు సగం తొడుక్కుని ఆగిపోయాడు. క్లిఫ్ "హోరేస్" అన్నాడు, మెల్లగా.

లెన్ థెల్మా భర్త. ఐస్‌లాండ్ వైపు చేపలకి వెళ్లిన ఓడ తిరిగి రాలేదు. ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఊరికే ఎత్తరు.

థెల్మా వంటగది వెనక్కి నడిచింది. బోర్లించిన టబ్బు తిప్పి సింకులో పెట్టింది. కార్డిగన్ చేతులు మోచేతులదాకా మడిచింది. పై అర మీంచి సబ్బుపొడి డబ్బా దించింది.

"నిజమే," అంది. "రాలేదు. ఏం చేసినా రాలేదు. అయితే ఇక దేనికి ఆగడం? స్టాంపు తే."

ఆమె కుళాయి తిప్పింది. నీళ్లు టబ్బులో పడ్డాయి. డబ్బా మూత తీసి వంచింది.

"థెల్మా, వద్దు!"

కేక ఇద్దరిదీ. కానీ ముందు వచ్చింది హోరేస్. భోజనాల బల్లకి తొడ కొట్టుకుని, సగం తొడుక్కున్న కోటుతో వచ్చి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో కుళాయి కట్టేశాడు. ఎంత గట్టిగా కట్టాడంటే అది కిర్రుమంది. పొడి ఒక్క రేణువు కూడా నీళ్లలో పడలేదు. అతను ముందుకి వంగి మరీ చూశాడు, పడిందేమోనని.

"పడలేదు," అన్నాడు రొప్పుతూ. "పడలేదు కదా? క్లిఫ్, నువ్వు చూడు. నీ కళ్లు మంచివి."

"పడలేదు," అన్నాడు క్లిఫ్.

"ఉత్త నీళ్లే."

"ఉత్త నీళ్లే."

థెల్మా తన మణికట్టు వైపు, దాన్ని పట్టుకున్న చేతి వైపు చూసింది. ఆ చెయ్యి వదల్లేదు. ఆమెకి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ముందొచ్చింది మాత్రం కోపమే.

"ఫెర్రీలో గుడ్లు వడ్డించేవాడికి ఈ గొడవలేంటన్నావు కదరా! పిచ్చిదన్నావు కదరా! మరి ఎందుకు పట్టుకున్నావు?"

"నాకేం తెలుసు?" అన్నాడు హోరేస్. "ఎందుకైనా మంచిదని."

"దేనికి మంచిదని?"

అతను డబ్బా మూత గట్టిగా నొక్కి, దాన్ని తీసుకెళ్లి అర మీద కాకుండా, ఆమెకి అందని బీరువా నెత్తిన పెట్టాడు.

"పరీక్ష మాత్రం జరగాల్సిందే," అన్నాడు తిరిగొస్తూ. గొంతులోకి మళ్లీ బస్సు తనిఖీదారు వచ్చేశాడు. "నేను నమ్మానని అనుకోవద్దు."

"రేపు చేసుకో," అన్నాడు క్లిఫ్. "రేపు ఆదివారం. ఉతకొచ్చు."

"నువ్వు లేకుండానా? రేపు అది మెరవలేదని నేనంటే నువ్వొచ్చి నేను అబద్ధం చెప్పానంటావు."

"అంటాను," అన్నాడు క్లిఫ్ నిజాయితీగా.

"అయితే వచ్చే శనివారం. నువ్వు దిగాక. ముగ్గురం ఉండగా. స్టాంపు నాది, పొడి థెల్మాది, నీళ్లు పోసేది నువ్వు. టబ్బు నేను కడుగుతాను. నీకు కడగడం రాదు."

"మెరిస్తే?"

"మెరిస్తే మిగతా స్టాంపులు ఎలా కడగాలో చూడాలి. ఆ మెరుపు పోవడానికి ఎన్ని నీళ్లు మార్చాలో, ఎన్ని వారాలు పడుతుందో. నాన్న చూస్తే నీ చెవి మెలిపెట్టేవాడు."

"నీ చెవి కూడా. నువ్వు నన్ను దొంగన్నావు."

"ఇంకా వెనక్కి తీసుకోలేదు," అన్నాడు హోరేస్. "వచ్చే శనివారం దాకా అలాగే ఉంటుంది."

ఇదేం రాజీ అని థెల్మాకి ఒళ్లు మండింది. ఒకడు దొంగగానే ఓడెక్కుతున్నాడు. ఇంకొకడు అనుమానంతోనే ఇంటికి పోతున్నాడు. ఇద్దరి మొహాల్లోనూ మాత్రం పెద్ద పని ఒకటి కుదిరిందన్న తృప్తి కనబడుతోంది. స్టాంపులు ఎవరి దగ్గరుండాలన్న దాని మీద ఇంకో వాదన జరిగింది. చివరికి ఆమె దగ్గరే అన్నారు. బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత మీద కాగితం అంటించి, ఆ అతుకు మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. బిస్కెట్లు ఒక పళ్లెంలో పోసి వెళ్లారు, మెత్తబడిపోతాయన్న ఆలోచన ఎవరికీ లేదు.

ప్యాటీలు ఆలస్యంగా అయ్యాయి. దుంపలు చల్లారిపోవడంతో ఉండలు సరిగ్గా రాలేదు. అయినా ఇద్దరూ రొట్టెలో పెట్టుకుని నిలబడే తిన్నారు. వాన మొదలైంది.

"బస్సుకి పోతావా ఈ వానలో?" అన్నాడు హోరేస్, గోడ వైపు చూస్తూ.

"పోతాను."

"నా కారు ఎలాగూ అటే పోతుంది."

అది అటు పోదు. హోరేస్ ఇల్లు సరిగ్గా ఎదురు దిక్కు. క్లిఫ్ నోరు తెరవబోతే థెల్మా కళ్లతోనే వారించింది. అతను సంచీ భుజాన వేసుకున్నాడు. వెళ్తానని చెప్పలేదు. ఓడెక్కే రోజు ఆ మాట చెప్పరు. "ప్యాటీలో ఉప్పు తగ్గింది," అన్నాడు. తలుపు పడింది.

థెల్మా వాకిట్లోకి పోలేదు. కిటికీ దగ్గరికీ పోలేదు. అమ్మ కుర్చీలో, వీధికి వీపు పెట్టి కూర్చుంది. కారు తలుపులు రెండు, ఒకదాని తర్వాత ఒకటి. ఇంజను. కారు మూల తిరిగేదాకా కూడా లోపల వాళ్లు కీచులాడుకుంటూనే ఉంటారు, దీపం సంగతో, పుస్తకం సంగతో. ఆమెకి వినబడకపోయినా తెలుసు.

ఏడు దాటాక ఫోను మోగింది. ఆమె గబగబా వెళ్లి అందుకుంది.

"నేనే," అన్నాడు హోరేస్. "డాక్ దగ్గర బూత్ నుంచి. ఇప్పుడే కదిలింది. ఆలస్యంగా కదిలింది, ఏదో లారీ దారికడ్డం ఉందట. ఏ పనీ వేళకి చేయరు."

"నువ్వింకా అక్కడేం చేస్తున్నావు? దింపేసి పోతానన్నావు కదా?"

"కారు మొరాయించింది."

ఫోనులో అతని వెనక కారు చక్కగా ఆడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

"పైన రెయిలింగు దగ్గర నిలబడ్డాడు," అన్నాడు హోరేస్. "నా వైపే చూస్తూ. మొద్దులాగే."

"హోరేస్, నువ్వు చెయ్యి ఊపలేదు కదా?"

అవతల బూత్ మీద వాన పడుతోంది.

"జేబుల్లోనే ఉంచుకున్నాను," అన్నాడు. "రెండూ."

థెల్మా ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది.

"తడిసిపోయి ఉంటావు. గొడుగు లేదా?"

"ఉంది. వాడు పట్టుకుపోయాడు. నా గొడుగు. చేతి పిడి చెక్కది. అడగను కూడా అడగలేదు. వచ్చే శనివారం దానికి కూడా వాడు జవాబు చెప్పాలి."

"అడుగుదువుగాని. ముందు ఇంటికెళ్లు. వెళ్లాక ఫోను చెయ్యి."